పదమూడో గుర్తు

పుబ్బ కార్తె, నాలుగో రోజు

గట్టు నుంచి పడవ వచ్చింది. జనమంతా బియ్యం బస్తాల మీద ఎగబడ్డారు. నా కొత్త యంత్రం పెట్టె మాత్రం మధ్యాహ్నం దాకా ఎండలోనే పడి ఉంది. దాన్ని గదికి చేర్చుకోవడానికి ఇద్దరు హమాలీలను గడ్డం పట్టుకుని బతిమాలాల్సి వచ్చింది. ఏ బిడ్డ ఎవరిదో చెప్పే మనిషికి సముద్రం మీద తేలే ఈ మూడో తెప్ప ఊళ్ళో ఉన్న మర్యాద అంతే. పురుడు వచ్చినప్పుడో, తగువు వచ్చినప్పుడో తప్ప కళమ్మ అనే ఆడది ఒకతె ఉందని ఎవరికీ గుర్తుండదు.

పాత యంత్రం నెత్తుట్లో ఇరవై గుర్తులు చదివేది. ఇది మూడు వేలు చదువుతుందట. గదికి చేరగానే దాని అద్దానికి పట్టిన ఉప్పు తుడిచి, రెండు ఎండ పలకలు కలిపి కరెంటు ఇచ్చాను. బుద్ధిగా గుర్రుమంది. పాతదానికి ఇరవై రెండేళ్ళు చాకిరీ చేశాను. ఒక్కరోజు కూడా అంత బుద్ధిగా లేదు.

పెట్టెలో గట్టువాళ్ళ ఉత్తర్వు కూడా ఉంది. పాత యంత్రం మీద చదివి 'సందేహం' అని పక్కన పెట్టిన తండ్రి పరీక్షలన్నీ మళ్ళీ చదవాలట. నా బీరువాలో అలాంటి కవర్లు ఏడున్నాయి. ఐదో కవరు ఎవరిదో తీసి చూడనక్కరలేదు.

పుబ్బ, తొమ్మిదో రోజు

మొదటి నాలుగూ తేలిపోయాయి. నేను అప్పట్లో చెప్పిందే నిజమైంది. కాస్త గర్వపడ్డాను కూడా, దాచడమెందుకు.

ఐదోది ముత్యం అనే పిల్ల కవరు. దాని సంగతి ఇక్కడ రాసి పెడతాను. నా తరవాత ఈ గదిలో కూర్చునేవాళ్ళకి తెలియాలి.

తొమ్మిదేళ్ళ కిందట స్వాతి కార్తెలో వచ్చిన తుఫాను మా తెప్ప తూర్పు అంచును కోసుకుపోయింది. బాలింతల గది ఆ అంచునే ఉండేది. మంత్రసానితో సహా అందులో ఉన్నవాళ్ళంతా పోయారు. తెల్లారాక చేపల తొట్టిలో ఒక పసిగుడ్డు దొరికింది. ఆడపిల్ల. ఆ వారంలో ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. ఇద్దరి తండ్రులూ అప్పటికి రెండు వారాలుగా వేటలో ఉన్నారు. బిడ్డ ముఖం ఇద్దరూ చూడలేదు. తిరిగొచ్చాక ఇద్దరూ ఆ తొట్టి దగ్గర నిలబడి "నాదే" అన్నారు.

ఒకడు తెడ్డువాళ్ళ జగ్గారావు. రెండోవాడు చుక్కానివాళ్ళ కొర్లయ్య. వాళ్ళది కుండమార్పిడి. కొర్లయ్య చెల్లెల్ని జగ్గారావుకిచ్చారు, జగ్గారావు చెల్లెల్ని కొర్లయ్యకిచ్చారు. వీళ్ళ అమ్మానాన్నలదీ కుండమార్పిడే, తాతలదీ అంతే. తెప్ప ఎక్కిన నాటి నుంచి ఆ రెండిళ్ళూ ఆడపిల్లల్ని ఇచ్చిపుచ్చుకుంటూనే ఉన్నాయి. కాబట్టి ఆ పిల్లకి ఇద్దరిలో ఒకడు తండ్రి అయితే రెండోవాడు మేనమామ అవుతాడు. ఎటు తిప్పినా అంతే.

తల్లులిద్దరూ సముద్రంలో కలిసిపోయారు. వాళ్ళ నెత్తురు లేదు. తండ్రులిద్దరినీ పరీక్షించాను. ఒక్కో గుర్తు దగ్గర బిడ్డకి రెండు అంకెలుంటాయి, ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. జగ్గారావుతో ఇరవై గుర్తులూ కలిశాయి. కొర్లయ్యతో పంతొమ్మిది కలిశాయి. పదమూడో గుర్తు దగ్గర పిల్లకి పదకొండు, పదిహేను. కొర్లయ్యకి పద్నాలుగు, పదిహేడు.

ఒక్కటి తప్పినంత మాత్రాన కాదనకూడదని పుస్తకంలో ఉంది. అందుకే కవరు మీద 'సందేహం' అని రాశాను. కానీ తండ్రి పేరు లేనిదే పాల చీటీ ఇవ్వరు. పిల్ల ఏడుస్తోంది. ఇరవైకి ఇరవై కలిసినవాడి పేరు రాసి సంతకం పెట్టేశాను. జగ్గారావు నా కాళ్ళ మీద పడ్డాడు. కొర్లయ్య పిల్ల నెత్తి మీద ఒకసారి చెయ్యి పెట్టి వెళ్ళిపోయాడు.

ఉత్తర కార్తె, రెండో రోజు

కొత్త యంత్రానికి తాజా దూదిపుల్లలు కావాలి. ముగ్గురికీ కబురు పెట్టాను.

కొర్లయ్య పిల్లను భుజం మీద ఎక్కించుకుని వచ్చాడు. తొమ్మిదేళ్ళ పిల్లను భుజం మీదేమిటి, వాడికి ఆ దగ్గేమిటి! గుమ్మంలోనే నిలబడి గోడ పట్టుకుని దగ్గాడు. పిల్లలు లేనివాడు కాబట్టి ఈ తొమ్మిదేళ్ళూ గొలుసు పనిలోనే ఉన్నాడు. మా తెప్పను పట్టి ఉంచేవి ఎనిమిది లంగరు గొలుసులు. సముద్రం అడుగుకి దిగి వాటిని బాగుచేసే మనుషులు ఎనిమిదిమంది. కన్నబిడ్డ ఉన్నవాణ్ణి కిందికి దింపకూడదన్నది మా కట్టుబాటు. అనాథలు ఎక్కువైపోయిన కాలంలో పెద్దలు పెట్టారు.

"దింపరా, పిల్లకి కాళ్ళు లేవా?" అన్నాను.

"ఉన్నాయి గానీ అరిగిపోతాయి గదా కళమ్మగోరూ," అన్నాడు.

ముత్యం పకపకా నవ్వింది. దాని చెవులు కుట్టించింది మామే, పుట్టువెంట్రుకలు తీయించింది మామే. కొత్త బట్ట కట్టినా, పన్ను ఊడినా ముందు మామకే చూపిస్తుంది. చూపించాక మాత్రం "నాన ఎతుకుతాడు" అని ఇంటికి పరుగెడుతుంది.

జగ్గారావు సాయంత్రం ఒంటరిగా వచ్చాడు. వలలు అల్లే మనిషి. తుఫాను తరవాత నీళ్ళలో కాలు పెట్టలేదు. బుగ్గలో తిప్పిన పుల్లను నేను సంచిలో వేసేదాకా దాని మీంచి కళ్ళు తిప్పలేదు.

"ఇప్పుడెందుకండీ ఇదంతా?"

"గట్టువాళ్ళ ఉత్తర్వురా. అందరివీ చూస్తున్నాను."

"మొదటిదే గదా నిజం?"

అవునని చెప్పి పంపాను.

ఉత్తర, పదకొండో రోజు

కాదు.

యంత్రాన్ని మూడుసార్లు తిప్పాను. మూడు వేల గుర్తుల మీద ఒకటే జవాబు. ముత్యానికి తండ్రి కొర్లయ్య. జగ్గారావు మేనమామ.

పదమూడో గుర్తు దగ్గర జరిగింది చాలా చిన్న సంగతి. తండ్రి నుంచి బిడ్డకి నకలు దిగేటప్పుడు పద్నాలుగు కాస్తా పదిహేనైంది. వలలో చేపలు ఎంచేవాడు ఒకటి ఎక్కువ ఎంచడం లాంటిదే. ఎప్పుడో ఒకసారి జరుగుతుంది, ఎవరి తప్పూ కాదు.

తప్పు నాది. మేనమామ ఇరవై గుర్తులూ కలవడం లక్షల్లో ఒకరికి తప్ప జరగదని పుస్తకం చెప్పింది, నేను నమ్మాను. ఆ పుస్తకం రాసినవాళ్ళకి కుండమార్పిడి అంటే ఏమిటో తెలియదు. ఐదు తరాలుగా రెండే ఇళ్ళ నెత్తురు అటూ ఇటూ తిరుగుతుంటే ఆ ఇళ్ళలో మేనమామ సగం తండ్రి అవుతాడు. నాకు తెలుసు. వాళ్ళ పెళ్ళి భోజనాలు తిన్నదాన్ని నేను. తెలిసి కూడా లెక్కలో వేసుకోలేదు.

తొమ్మిదేళ్ళు. ఒక మనిషిని ఉన్న బిడ్డకి దూరం చేసి, పిల్లలు లేనివాడని ముద్ర వేసి, నీళ్ళ అడుక్కి పంపింది నా సంతకం. గది తలుపు వేసుకుని ఏడ్చాను. ఏడిస్తే ఏం తీరుతుంది, ఏమీ తీరదు.

హస్త కార్తె, ఒకటో రోజు

ఎవరికీ చెప్పకుండా నాలుగు రోజులు గడిపాను. అద్దం తుడవడం, నాచు ఎండబెట్టడం, వాననీళ్ళ డ్రమ్ము కడగడం. ఇంత శుభ్రం నా గది ఎన్నడూ చూడలేదు. పిల్ల హాయిగా ఉంది కదా, ఎందుకు కదపడం అని ఒక మనసు అంటుంది. అది పిల్ల మీద ప్రేమా, నా పరువు మీద ప్రేమా అని రెండో మనసు అడుగుతుంది.

ఇవాళ గొలుసుల జాబితా అతికించారు. ఐదో గొలుసు మేకు అరిగిపోయింది, తుఫానులు రాకముందే బిగించాలి. ఇరవై నిలువుల లోతు. కొర్లయ్య పేరుంది. వాడి ఊపిరితిత్తులు ఇంకో దిగుడు తట్టుకోవని మా డాక్టరు కిందటి నెలలోనే చెప్పాడు. దిగగలిగినవాడు దిగాల్సిందే, ఎనిమిదిమందే ఉన్నారు.

నేను నోరు మూసుకుంటే వాణ్ణి రెండోసారి చంపినట్టే. కాగితం తీసుకుని మా తెప్ప పెద్ద సరంగు అమ్మాజీ దగ్గరికి వెళ్ళాను.

హస్త, మూడో రోజు

అమ్మాజీ ముగ్గురినీ తన గదికి పిలిచింది. నన్నే చదవమంది. చదివాను. పాత తప్పు నాదేనని కూడా చెప్పాను.

కొర్లయ్య నేల మీద కూలబడిపోయాడు. నవ్వాడు, ఆ నవ్వులోనే ఏడ్చాడు. "నా పిల్లా? ఇది నా పిల్లేనా అమ్మా?" అని అందరి ముఖాలూ చూశాడు. అంత సంతోషం ఒక మనిషి ముఖంలో నేనెప్పుడూ చూడలేదు. క్షణం సేపు నా గుండె కూడా తేలికైంది.

జగ్గారావు మెల్లగా అన్నాడు, "అయితే నా గుంట ఆ పొద్దే పోనాదన్నమాట. తల్లితోపాటే."

ఆ మాట మాకెవరికీ తట్టలేదు. తొమ్మిదేళ్ళ కిందట పోయిన బిడ్డకి ఆ తండ్రి ఇవాళ ఏడవాలి. పేరైనా పెట్టని బిడ్డ. కొర్లయ్య నవ్వు ఆగిపోయింది. లేచి వెళ్ళి "బావా" అని వాడి చెయ్యి పట్టుకున్నాడు.

ముత్యం ఇద్దరి మధ్యా నిలబడి ఉంది. "మరి నాననేటని పిలవాల?" అంది.

"మామా అనాల తల్లీ," అంది అమ్మాజీ.

"మామని?"

"నానా అనాల."

పిల్ల నా వైపు తిరిగింది. "అత్తా, మళ్ళీ యంత్రమొస్తే మళ్ళీ మారిపోతాదేటి?"

నేను కాగితం మడత పెట్టుకున్నాను. అమ్మాజీ గొంతు సవరించుకుంది. ఆ గొంతు సవరించడం నాకు నచ్చలేదు. "గొలుసులకి ఎనిమిదిమంది ఉండాల. కొర్లయ్య పేరు కొట్టీసేం. పిల్లల్లేనోళ్ళలో ఒంట్లో సత్తువున్నోడు ఇప్పుడు జగ్గారావే," అంది.

ఇది ముందే ఆలోచించని నా తెలివికి దండం పెట్టాలి. ఒకణ్ణి పైకి లాగుతున్నానని మురిసిపోయాను. రెండోవాణ్ణి తోస్తున్నది నా మోచెయ్యేనని చూసుకోలేదు.

హస్త, పదకొండో రోజు

జగ్గారావుకి ఈత మడుగులో నేర్పిస్తున్నారు. నేర్పేది కొర్లయ్యే. "బావా, ముక్కు మూసుకుని సెవుల్లోకి ఊదు. బయపడకు, నాను పట్టుకునే ఉన్నాను," అంటూ వాడి నడుం పట్టుకుని దింపుతాడు. మూడు నిలువులు దిగేసరికి జగ్గారావు ముక్కులోంచి నెత్తురు వచ్చింది. పైకి లాగాక మడుగు అంచున బోర్లా పడి చాలాసేపు వణికాడు.

ముత్యం మడుగు అంచున కూర్చుని రోజూ చూస్తుంది. తువ్వాలు పట్టుకుని ఉంటుంది. జగ్గారావు పైకి రాగానే వాడి తల తుడుస్తుంది. "మామా" అని పిలవబోయి నోరు తిరగక ఏమీ అనకుండా తుడుస్తుంది.

నేను వెళ్ళి అమ్మాజీతో పోట్లాడాను. వాణ్ణి దింపడం హత్య అన్నాను. "మరి గొలుసు తెగితే పంతొమ్మిది వందలమందిమి ఏటైపోతాం, అదీ సెప్పు," అంది.

చిత్త కార్తె, రెండో రోజు

మిట్టమధ్యాహ్నం కొర్లయ్య వచ్చాడు. పిల్ల లేదు. పీట మీద కూర్చోమంటే కింద కూర్చున్నాడు.

"కళమ్మగోరూ, ఆ పొద్దు ఓపాలి తప్పు రాసేరు గదా."

"రాశాను నాయనా."

"ఇంకోపాలి రాయండి."

మొదట నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక కోపం వచ్చింది. నీకేం మతి పోయిందా అని కేకలేశాను. వాడు నేను అరవడం అయిపోయేదాకా ఆగాడు.

"గుంట నా కాడికొచ్చి పన్నెండ్రోజులైంది. పెట్టింది తింటాది, పడుకోమంటే పడుకుంటాది. నానా అని పిలవమన్నారు, పిలుత్తాది. పిలిసినప్పుడల్లా గుమ్మం ఏపు సూస్తాది, ఆడొచ్చేడేమో అని." కాసేపు దగ్గాడు. "మామా అని పిలిసినప్పుడు నా ఏపు సూసేదండీ."

"అలవాటవుతుందిరా. చిన్నపిల్ల. ఏడాది తిరిగితే..."

"ఏడాదెక్కడుందండీ? ఎల్లుండి ఆణ్ణి దింపుతారు. ఆడు సగం దారిలోనే పోతాడు. మేకు బిగవదు, గొలుసు తెగుతాది. దాని నానని సంపేసినోడి ఇంట్లో అది పెరగాల, తెప్పంటూ ఉంటే."

"నువ్వు దిగితే నువ్వూ పైకి రావు. డాక్టరు చెప్పాడు."

"నాను మేకు బిగించీసి పోతాను. తెప్ప ఉంటాది. తెప్ప మీద అదుంటాది." నా ముఖంలోకి చూశాడు. "నా పిల్లకి నాను ఏటైనా సెయ్యాల గదండీ. మామగా ఉన్నప్పుడు భుజమ్మీద మోసేను. తండ్రినయ్యేక ఏటి సేసేను?"

నేను ఇంక వాదించలేకపోయాను. వాదించాల్సింది. ఏ మాట పట్టుకుని వాదించాలో ఇప్పటికీ తెలియడం లేదు.

వాడికి చదువు రాదు. "ఆ కాయితం ఓపాలి సదవండి. రాసీముందు," అన్నాడు.

తీసి చదివాను. "బిడ్డ పేరు ముత్యం. తండ్రి చుక్కాని కొర్లయ్య. సందేహం లేదు."

"ఇంకోపాలి."

చదివాను. వాడు పెదాలు కదుపుతూ నాతోపాటు అన్నాడు. 'సందేహం లేదు' దగ్గర ఆగి, తల ఊపాడు.

"ఇక రాయండి," అన్నాడు.

దూదిపుల్లలు తారుమారయ్యాయని, యంత్రం ముందు నేనే పొరపాటు పడ్డానని, మొదటి పరీక్షే సరైనదని రాశాను. ఇంకెవరో రాస్తుంటే పక్కనుంచి చూస్తున్నట్టు రాశాను.

కాగితం పట్టుకెళ్తే అమ్మాజీ రెండుసార్లు చదివింది. ముద్ర పెట్టె దగ్గరికి లాక్కుంది. "నీ పని పోతాది కళా. గట్టు నించి ఇంకో మనిషిని పంపుతారు."

"పంపనీ."

ఆవిడ ముద్ర వేసింది. ముద్ర వేస్తూ కళ్ళు తుడుచుకుంది. ఆవిడకి అంతా తెలుసు.

చిత్త, మూడో రోజు

పిల్ల మూట కట్టుకుని పరుగెత్తడం నా కిటికీలోంచి చూశాను. జగ్గారావు వల వదిలేసి ఎదురొచ్చాడు. అది వాడి నడుం చుట్టుకుని "నానా, నానా" అని ఎన్నిసార్లు అందో. కొర్లయ్య దాని వెనకే చెప్పులు పట్టుకుని వస్తున్నాడు. తొందర్లో మరచిపోయింది కాబోలు. చెప్పులు గుమ్మం దగ్గర పెట్టి, పిలవకుండా వెనక్కి తిరిగాడు.

జగ్గారావు పరుగున వచ్చి వాణ్ణి ఆపాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు. జగ్గారావుకి నిజం తెలుసో తెలియదో నేను అడగలేదు, అడగను. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని చాలాసేపు నిలబడ్డారు.

చిత్త, నాలుగో రోజు

పొద్దున దిగాడు. దిగే ముందు ముత్యం వాడికి ఎండుచేప ముక్క నోట్లో పెట్టింది. "మామా, బేగొచ్చీ," అంది. వాడు చెయ్యి ఎత్తాడు.

తాడు పట్టుకున్నవాళ్ళకి చాలాసేపటికి నాలుగు లాగుళ్ళు తెలిశాయి. నాలుగంటే మేకు బిగిసిందని. తెప్ప ఒక్కసారి కుదుటపడడం మా కాళ్ళకే తెలిసింది. జనం హర్షంతో అరిచారు. ఆ తరవాత తాడు వదులైపోయింది. లాగారు. పైకి వచ్చింది మనిషే గానీ, ప్రాణం లేదు.

నన్ను అక్కణ్ణించి గదికి తీసుకొచ్చింది జగ్గారావు. వాడు ఏడుస్తూ నన్ను ఓదార్చాడు. ఆ ఓదార్పుకి నేను తగను.

చిత్త, ఐదో రోజు

కొత్త మనిషి వచ్చేదాకా చావు పుట్టుకల పుస్తకం నేనే రాయాలి. ఇవాళ అమ్మాజీ గదిలో రాశాను. పేరు చెప్పింది, రాశాను. వయసు చెప్పింది, రాశాను. తరవాతి గడి దగ్గర ఆగిపోయాను. ఆవిడ కిటికీ వైపు తిరిగి, "పిల్లలు?" అని అడిగింది. అడగడం కట్టుబాటు.

ముత్యం నా పక్కనే ఉంది. మామ గుడ్డలు తీసుకోవడానికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి దాని కళ్ళు ఉబ్బిపోయాయి.

'లేరు' అని రాశాను.

అది చదవడం వచ్చిన పిల్ల. పుస్తకం మీదికి వంగి ఆ మాట చదివింది. చిన్న వేలు దాని మీద పెట్టింది.

"పిల్లల్లేరు గానీ అత్తా, మామకి నానున్నాను గదా," అంది.

"ఉన్నావమ్మా," అన్నాను.